తుపాకీ మీద నాలుగు చిల్లులు

మా పక్కింటి పెద్దాయన గరాజ్‌లో ఒక పాత పంప్ షాట్‌గన్ ఉంది. వించెస్టర్ మోడల్ 12. వాళ్ళ నాన్నది. పోయిన ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం ఆయన దాన్ని బల్ల మీద పడుకోబెట్టి నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. నిచ్చెన అడుగుదామని వెళ్ళిన నేను నిచ్చెన సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. తుపాకుల గురించి నా జ్ఞానం చాలా తక్కువ. చిన్నప్పుడు మా వీధిలోకి వచ్చే పిట్టలదొర భుజం మీద కట్టె తుపాకీ, ఆ తర్వాత సినిమాల్లో చూసినవీ, అంతే. అయినా ఒకటి మాత్రం కంటికి తగిలింది. తుపాకీ వీపు మీద, నల్లటి ఉక్కులో, నాలుగు చిన్న చిల్లులు. ఎవరో వాటిలో మరలు బిగించి పూడ్చేశారు.

"ఇవేంటి?" అన్నాను.

"మా నాన్న చేసిన తప్పు. ఇవి లేకపోతే ఈ తుపాకీ ఇంకా మంచి ధర పలికేది" అన్నాడాయన.

ఆ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానంలో టరెట్ గన్నర్ట. ఇంటికి తిరిగొచ్చిన రెండేళ్ళకి ఏదో పత్రికలో ప్రకటన చూసి, విమానంలో తను చూసిన "అద్దంలో వలయం" లాంటిదే బాతుల తుపాకీకి కూడా దొరుకుతుందని తెలిసి, ఎగిరి గంతేసి కొన్నాడు. దాన్ని బిగించడానికి పెట్టించినవే ఆ చిల్లులు. దాని పేరు నైడార్. ఇల్లినాయ్ రాష్ట్రం గ్లెన్‌వ్యూలో ఉన్న స్వెయిన్ నెల్సన్ కంపెనీ 1945లో మార్కెట్లోకి తెచ్చింది.

ఇంతకీ ఈ చిల్లుల గొడవ ఇప్పుడెందుకు వచ్చిందంటే, పెద్దాయన కొడుకు ఆయనకి పుట్టినరోజు కానుకగా ఒక కొత్త రెడ్ డాట్ సైట్ పంపాడు. అగ్గిపెట్టెంత ఉంటుంది, చిన్న గాజుపలక, అందులో వెలిగే ఎర్రచుక్క. ఆయనకి డెబ్భై దాటాయి. కుడికంట్లో శుక్లం మొదలైంది. రెండేళ్ళుగా కాల్చిన గువ్వలన్నీ తప్పిపోతున్నాయి. కొత్త సైట్ బిగించాలంటే పాత చిల్లులు కుదరవు, మళ్ళీ కొత్తవి పెట్టాలి. నాన్న చేసిన తప్పునే తనూ చేయాలా, లేక వేట మానెయ్యాలా అన్నది ఆయన సమస్య. సెప్టెంబరు ఒకటో తారీకు లోపల తేల్చుకోవాలి, ఎందుకంటే మా ఒహాయోలో గువ్వల వేట ఆ రోజే మొదలవుతుంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. (మా ఆవిడ "పావురాలు కొట్టేవాళ్ళతో మీకు సావాసం ఏంటండీ" అంది, అది వేరే సంగతి.) కంప్యూటర్ ముందు కూర్చుని ఈ అద్దంలో వలయం ఎక్కడ పుట్టిందో తవ్వడం మొదలుపెట్టాను. తవ్వగా తవ్వగా అది హైదరాబాద్ దగ్గర తేలింది. చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు అసలు షాట్‌గన్‌తో ఎగిరే పిట్టని ఎలా కొడతారో చెప్పాలి. రైఫిల్‌కి గురి చూస్తారు. షాట్‌గన్‌కి అలా గురి చూడరు. గొట్టం చివర ఒక ఇత్తడి పూస ఉంటుంది, దానివైపు చూడకూడదంటారు. చూపు పిట్ట మీదే ఉండాలి, పూస కంటి అంచున మసకగా కనిపిస్తే చాలు. ఎందుకంటే పిట్ట ఆగదు. లెక్క వేసుకోండి: గంటకి 40 మైళ్ళ వేగంతో పోయే గువ్వ సెకనుకి 59 అడుగులు పోతుంది. గుళ్ళు 30 గజాల దూరం చేరడానికి సెకనులో దాదాపు పదోవంతు పడుతుంది. ఆ కాస్త సమయంలో పిట్ట ఆరడుగులు ముందుకి వెళ్ళిపోతుంది. అంటే పిట్ట ఇప్పుడున్న చోటుని కాకుండా, అది ఉండబోయే చోటుని కాల్చాలి. పైగా తుపాకీ కదులుతూనే ఉండాలి, ట్రిగ్గర్ నొక్కాక కూడా. ఆపితే వెనక పడుతుంది.

మరి వెనక గురిబిళ్ళ లేని తుపాకీలో వెనక గురి ఏది? మన కన్నే. చెంప కర్రకి ప్రతిసారీ ఒకే చోట ఆనితేనే కన్ను సరైన చోటికి వస్తుంది. అర అంగుళం పైకి లేచిందా, గుళ్ళు పిట్ట పైనుంచి పోతాయి. ఇంకో చిక్కు, మనకి రెండు కళ్ళున్నా మెదడు ఒకదాని మాటే ఎక్కువ వింటుంది. కుడిభుజం మీద తుపాకీ పెట్టుకున్నవాడికి ఎడమకన్ను పెత్తనం చేస్తే గురి అడుగుల కొద్దీ పక్కకి పోతుంది. పాతకాలం వైద్యం ఏంటంటే, ఎడమ కళ్ళద్దానికి చిన్న టేపుముక్క అంటించడం. మా పెద్దాయనకి జరిగింది ఇదే. కుడికన్ను మసకబారేసరికి ఆయనకి తెలియకుండానే ఎడమకన్ను పెత్తనం తీసుకుంది.

ఇప్పుడు డబ్లిన్ వెళ్దాం. హోవర్డ్ గ్రబ్ అని ఐరిష్ ఆయన, 1844లో పుట్టాడు. తండ్రి థామస్ గ్రబ్ కూడా టెలిస్కోపులు చేసేవాడే. ప్రపంచంలో పెద్ద పెద్ద అబ్జర్వేటరీలకి ఈ తండ్రీకొడుకులు దుర్భిణులు చేసి పంపారు. ఈ హోవర్డ్ గ్రబ్ 1900లో ఒక కొత్తరకం తుపాకీ గురికి పేటెంట్ తీసుకుని, మరుసటి ఏడాది రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణలో దాన్ని వివరించాడు. టెలిస్కోపులు చేసేవాడికి మాత్రమే తట్టే ఆలోచన అది.

చిన్నప్పుడు రాత్రి బస్సు కిటికీలోంచి చూస్తుంటే చెట్లూ ఇళ్ళూ వెనక్కి పరుగెత్తేవి, చందమామ మాత్రం మనతోపాటే వచ్చేవాడు గుర్తుందా? చందమామ అంత దూరంలో ఉన్నాడు కాబట్టి ఆ వెలుగు మన దగ్గరికి వచ్చేసరికి కిరణాలన్నీ దాదాపు సమాంతరంగా ఉంటాయి. మనం ఎంత జరిగినా ఆయన దిక్కు మారదు. గ్రబ్ చేసింది తుపాకీ మీద ఒక చిన్న చందమామని పెట్టడం. ఒక గుర్తుని కటకం నాభి దగ్గర పెడితే దానిలోంచి వచ్చే కిరణాలు కటకం దాటాక సమాంతరం అవుతాయి. వాటిని ఏటవాలుగా పెట్టిన గాజుపలక మీదికి పంపితే కొంత వెలుగు మన కంటివైపు తిరుగుతుంది. పలక పారదర్శకమే కాబట్టి అవతలి దృశ్యమూ కనిపిస్తుంది. ఫలితం: గుర్తు ఎక్కడో అనంత దూరంలో, పిట్ట పక్కనే తేలుతున్నట్టు ఉంటుంది. తల కాస్త అటూ ఇటూ జరిగినా గుర్తు గురి తప్పదు. పూసనీ పిట్టనీ ఒకేసారి స్పష్టంగా చూడలేని ముసలి కళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

ఇక హైదరాబాద్. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్‌కి ఖగోళశాస్త్రం పిచ్చి. 1901లో ఆయన 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు ఒకటి కొని, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (ఆయన స్వయంగా పేరుమోసిన వేటగాడు) అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. జఫర్ జంగ్ 1907లో పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, బేగంపేటకి మార్చింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఆ గ్రబ్ టెలిస్కోపు బిగించింది మాత్రం 1922లో. కొన్న ఇరవై ఏళ్ళకి! నిజామియాకి అంతర్జాతీయంగా పేరు తెచ్చిన ఆకాశపటం పని వేరే చిన్న ఆస్ట్రోగ్రాఫ్‌తో జరిగిందనుకోండి, అయినా నాకు ఒళ్ళు పులకరించింది. ఎన్నిసార్లు బేగంపేట మీదుగా సిటీ బస్సులో వేలాడుతూ పోయానో లెక్కలేదు, ఒక్కసారీ ఇది తెలియలేదు. మా పక్కింటాయన తుపాకీ చిల్లులకీ, మా ఊరి టెలిస్కోపుకీ మూలపురుషుడు ఒకడేనన్నమాట.

1900 సంవత్సరం ఇంకో రెండు మూడు విధాలుగా కూడా చిత్రమైనది. గ్రబ్ పేటెంటు తీసుకున్న ఆ ఏడే మార్చి నెలలో, మా ఒహాయోలోనే పైక్ కౌంటీలో, ఒక కుర్రాడు ఒక పావురాన్ని కొట్టాడు. అడవిలో బతికిన చివరి ప్యాసింజర్ పావురాల్లో అదొకటి. ఒకప్పుడు ఆ జాతి 300 నుంచి 500 కోట్ల దాకా ఉండేదని అంచనా. 1813లో ఆడుబాన్ కెంటకీలో చూసిన గుంపు మూడు రోజులపాటు ఆకాశాన్ని కప్పేసిందని రాశాడు. వాటిని కొట్టడానికి గురి అక్కర్లేదు, చీకట్లో పైకి కాల్చినా నాలుగు రాలేవి. వలలు వేశారు, గూళ్ళున్న చెట్లు నరికారు, పీపాల్లో కుక్కి రైళ్ళలో నగరాలకి పంపారు. పందాల కోసం వేలల్లో పట్టి, పెట్టెల్లోంచి వదిలి కాల్చారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా బతికున్న పావురాల్ని కాల్చే పోటీ పెట్టారంటే నమ్ముతారా? అడవి జంతువుల్నీ పక్షుల్నీ అక్రమంగా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మడాన్ని నిషేధించే లేసీ చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. ఈ పావురాల మటుకు అప్పటికే ఆలస్యమైపోయింది.

చివరిది మార్తా. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది. దాన్ని 300 పౌండ్ల మంచుదిమ్మెలో గడ్డకట్టించి స్మిత్‌సోనియన్‌కి పంపారు. ఆ పక్షులు ఉన్న చిన్న గూడుని ఇప్పటికీ జూలో స్మారకంగా ఉంచారు, మా పిల్లల్ని తీసుకెళ్ళాను. ఏనుగుల్ని చూద్దాం పదమని చెయ్యి లాగారు. మట్టితో చేసిన "క్లే పిజియన్" బిళ్ళకి 1880లో పేటెంటు తీసుకున్న జార్జ్ లిగోవ్‌స్కీదీ సిన్సినాటీయే. మట్టిపిట్ట పుట్టిన ఊళ్ళోనే ముప్ఫై నాలుగేళ్ళకి అసలు పిట్ట పోయింది. ఒహాయోలో గువ్వల వేట మొదలయ్యే తేదీ కూడా మార్తా పోయిన తేదీనే. ఎవరూ కావాలని పెట్టింది కాదు, ఇక్కడ చాలా రాష్ట్రాల్లో అదే తేదీ. అయినా నాకు మాత్రం గొంతులో ముల్లులా ఉంటుంది. 1998లో గువ్వల వేట ఆపాలా అని ఒహాయోలో ఓటింగ్ పెడితే, ఆపొద్దనే జనం తీర్పిచ్చారు.

సరే, గ్రబ్ దగ్గరికొద్దాం. ఆయన ఆలోచన పద్దెనిమిదేళ్ళు దాదాపు కాగితాల్లోనే ఉంది. తుపాకీ మీద చిన్న దీపం వెలిగించడం అప్పట్లో మాటలు కాదు. 1918లో బెర్లిన్‌లోని ఓయిగే అనే ఆప్టికల్ కంపెనీ దాన్ని జర్మన్ యుద్ధ విమానాలకి బిగించింది. ఫోకర్ మూడు రెక్కల విమానం మీద కూడా పెట్టారు. రెండో యుద్ధం నాటికి అన్ని దేశాల ఫైటర్లలోనూ ఇదే. పైలట్ కళ్ళ ముందు గాజుపలక, దాని మీద వెలిగే వలయం.

ఇక్కడే కథ మళ్ళీ పిట్టల తుపాకీ వైపు తిరుగుతుంది. విమానంలోంచి విమానాన్ని కొట్టడమూ, ఎగిరే బాతుని కొట్టడమూ ఒకే లెక్క: ఉన్న చోటుని కాదు, ఉండబోయే చోటుని. అందుకే అమెరికన్ వైమానిక దళం తన గన్నర్లకి ముందు షాట్‌గన్ ఇచ్చి స్కీట్ ఆడించింది. 1920లలో మసాచుసెట్స్‌లో కొందరు వేటగాళ్ళు సరదాకి మొదలుపెట్టిన మట్టిబిళ్ళల ఆట అది, వేలమంది కుర్రాళ్ళకి యుద్ధపాఠమైంది. యుద్ధం చివరికొచ్చేసరికి బ్రిటిష్ వాళ్ళు గైరో గన్‌సైట్ తయారుచేశారు. శత్రువిమానం రెక్కల వెడల్పు ముందే పెట్టుకుని, వలయాన్ని దానికి సరిపడేలా తిప్పుతుంటే ఎంత ముందు కాల్చాలో యంత్రమే లెక్కగట్టేది. అమెరికన్లు దాన్నే కె-14 పేరుతో చేసుకున్నారు. ప్రోగ్రామింగ్ చేసి బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇది చూస్తే ముచ్చటేసింది. తిరిగే బొంగరంతో చేసిన కంప్యూటర్ అది.

ఆ కుర్రాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చారు, బాతులూ గువ్వలూ అలాగే ఎగురుతున్నాయి. నైడార్ అమ్మినవాళ్ళ ఆలోచన తేలిగ్గానే అర్థమవుతుంది. కానీ అందులో గైరో లేదు, బ్యాటరీ కూడా లేదు. ఆకాశపు వెలుతురునే పట్టి వంపు అద్దం మీదికి వలయాన్ని పంపేది. లెక్క మాత్రం వేటగాడే వేసుకోవాలి. 1947లో గీసే అనే పేరుతో బ్యాటరీతో వెలిగే సైట్ వచ్చింది. 1970లో వీవర్ కంపెనీ క్విక్-పాయింట్ అని ఇంకోటి తెచ్చింది, అందులో ఎర్రటి ప్లాస్టిక్ కడ్డీ పగటి వెలుగుని లాగి చుక్కగా చూపేది. ఏదీ నిలదొక్కుకోలేదు. కారణం ఊహించవచ్చు. బాతుల వేటంతా తెల్లవారుజామున, సాయంత్రం, మబ్బులో. అసలు చుక్క అవసరమైనప్పుడే చుక్కకి వెలుగు చాలేది కాదు. "మా నాన్న పొద్దున ఏడింటిదాకా పూసతోనే కొట్టేవాడు, ఎండ వచ్చాక నైడార్ రెక్క లేపేవాడు, అప్పటికి బాతులు వెళ్ళిపోయేవి" అని పెద్దాయన నవ్వాడు. నాలుగేళ్ళ తర్వాత విప్పేసి డబ్బాలో పెట్టేశాడట. చిల్లులు మాత్రం మిగిలాయి.

ఎలక్ట్రానిక్స్ వచ్చి ఈ చిక్కు విప్పింది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీ చేశాడు. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ దాన్ని వంపు అద్దం ముందు పెట్టి, గొట్టంలో బిగించి అమ్మింది. రూపకల్పన యాన్ ఆర్నె ఇంగెముండ్ ఎక్‌స్ట్రాండ్ అనే ఇంజనీరుది. గ్రబ్ ఆలోచనకి డెబ్భై అయిదేళ్ళ తర్వాత సరైన దీపం దొరికిందన్నమాట. ముందు వేటగాళ్ళు వాడారు, అమెరికన్ సైన్యం పెద్దఎత్తున తీసుకుంది 1997లో. వేట నుంచి సైన్యానికి వెళ్ళిన వస్తువులు తక్కువే, ఇదొకటి.

పక్షుల వేటలో ఇది గట్టిగా పాతుకుపోయింది ఎగిరే పిట్టల దగ్గర కాదు, నేల మీద నిలబడే టర్కీ కోడి దగ్గర. ఆ వేటగాడు చెట్టుకి ఆనుకుని కూర్చుని, కోడి దగ్గరికొచ్చి తల ఎత్తేదాకా ఆగి, దాని తల మీదే కాలుస్తాడు. బ్యారెల్ మూతిని బాగా బిగిస్తారు కాబట్టి గుళ్ళు గుప్పెడంత చోట పడతాయి, గురి తప్పితే మొత్తం తప్పినట్టే. అక్కడ చుక్క అసలు పనికొస్తుంది. అన్నట్టు ఒహాయోలో 1904 నాటికి ఒక్క అడవి టర్కీ కూడా మిగల్లేదు. 1956లో వేరే చోట్ల నుంచి పట్టుకొచ్చి వదిలారు, 1966లో మళ్ళీ వేట తెరిచారు. ఈ పెంపకానికి చాలా డబ్బు వచ్చింది వేటగాళ్ళ నుంచే: 1937 నాటి పిట్మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీదా తూటాల మీదా పన్ను వేసి, ఆ సొమ్ము జంతుసంరక్షణకి ఇస్తుంది. మన దగ్గర 1972 చట్టం, 1991 సవరణ కలిసి వేటనే దాదాపు మూసేశాయి. ఏది మేలో వాదించుకోవచ్చు. నా మనసు మన పద్ధతి వైపే, కానీ ఇక్కడి లెక్కలు చూశాక మునుపటంత గట్టిగా వాదించలేను.

ఎగిరే పిట్టల దగ్గర మాత్రం పాతకాపులు చుక్కని ఇప్పటికీ అసహ్యించుకుంటారు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. చుక్క కనిపిస్తే కన్ను చుక్క మీదికి పోతుంది, పిట్టని వదిలేస్తుంది, తుపాకీ ఆగిపోతుంది. చెంప సరిగ్గా ఆనకపోతే పూస అయినా మసకగా కనిపిస్తుంది, చుక్క అసలే కనిపించదు. దాన్ని వెతుక్కునే లోపు గువ్వ పక్క కౌంటీలో ఉంటుంది. చట్టం మాత్రం చుక్క జోలికి పెద్దగా పోలేదు. తుపాకీలో మూడు తూటాలకి మించి ఉండకూడదని 1935లో, నీటిపక్షుల మీద సీసపు గుళ్ళు వాడకూడదని 1991లో దేశమంతటా కట్టడి చేశారు. ఎన్ని కొట్టావన్నదే అడుగుతుంది, ఎలా గురి చూశావని అడగదు.

నేను ఇదంతా చెప్పాక పెద్దాయన ఒకటే అన్నాడు: "తప్పిపోతే నాకు బాధ లేదు. గాయపడి ఎగిరిపోతేనే నిద్ర పట్టదు." కుడి గొట్టం మీది చుక్క ఎడమకంటికి కనిపించదు కాబట్టి, చుక్క కనిపిస్తే కుడికన్నే చూస్తున్నట్టు లెక్క అని నేను వివరించాను. ఆయన తల ఊపాడు. నాన్న తుపాకీకి చిల్లులు పెట్టలేదు. కొడుకు దగ్గరున్న కొత్త తుపాకీ తెప్పించుకున్నాడు, దానికి ఫ్యాక్టరీలోనే సైట్ కోసం గాడి కోసి ఉంది.

సెప్టెంబరు ఒకటిన నేనూ వెళ్ళాను, చూడ్డానికి. కోసేసిన పొద్దుతిరుగుడు చేను అంచున బకెట్ బోర్లించుకుని కూర్చున్నాం. మొదటి పద్నాలుగు తూటాలకి ఒక్కటీ పడలేదు. ఆయన చుక్కనే చూస్తున్నాడు, నాకే అర్థమైపోయింది. పదిహేనోది పడింది. తర్వాత ఇంకో మూడు పడ్డాయి. అయిదోది గాయపడి మొక్కల మోళ్ళలోకి దిగింది. రోజుకి పదిహేను దాకా కొట్టొచ్చు, కానీ ఆయన తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టేశాడు. ఇద్దరం నలభై నిమిషాలు వెతికాం. దొరికింది. అందుకుంది నేనే. ఇంకా వెచ్చగా ఉంది, కళ్ళ చుట్టూ లేత నీలం. ఆయన నా చేతిలోంచి తీసుకుని, పక్కకి తిరిగి, పని ముగించాడు. దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మర్నాడు సాయంత్రం ఒక పాత అట్టపెట్టె పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. లోపల నైడార్. "మీ హైదరాబాద్ టెలిస్కోపాయన చుట్టం కదా, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. బరువుగా ఉంది. రెక్క లేపి వెనక వరండాలోంచి చూశాను. వెలుతురు ఇంకా ఉంది కాబట్టి వలయం తేలింది. కరెంటు తీగ మీద ఒక గువ్వ కూర్చుని ఉంది. వలయాన్ని దాని మీద నిలిపి, తల ఇటు జరిపాను, అటు జరిపాను. వలయం కదల్లేదు, గువ్వా కదల్లేదు. లోపల్నుంచి మా ఆవిడ పిలిచేదాకా అలాగే చూస్తూ ఉన్నాను.